వీసా ప్రకటన కింద లైసెన్స్ నంబర్ అడగండి, రూల్స్ తెలుగులో వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ఖమ్మం జిల్లా. ఇప్పుడు జర్మనీలో డార్ట్‌మండ్ దగ్గర ఒక చిన్న టౌన్ హాస్పిటల్లో నర్సుగా చేస్తున్నా. మార్నింగ్ డ్యూటీ ఉన్నప్పుడు పొద్దున ఐదింటికల్లా రైలెక్కి మీ ఈ-పేపర్ తెరవడం నాకు అలవాటు, ముందు జిల్లా పేజీలే చూస్తా, మా ఊరి పేరు ఎక్కడైనా కనిపిస్తుందేమోనని. మొన్న ఒకే పేజీలో రెండు చూశా. పైన యూరప్‌లో ఉద్యోగం ఇప్పిస్తామని పన్నెండు లక్షలు తీసుకుని ముంచేశారని వార్త, ఆ వార్త కిందే పావు పేజీ ప్రకటన, 'జర్మనీ వీసా గ్యారెంటీ, జాబ్ గ్యారెంటీ, కొన్ని సీట్లే మిగిలాయి' అని. ఆ ప్రకటనలో మూడు ఫోన్ నంబర్లు ఉన్నాయి గానీ లైసెన్స్ నంబర్ ఒక్కటీ లేదు. అప్పట్నుంచి మీకు రాయాలి రాయాలి అనుకుంటూనే ఉన్నా, నైట్ డ్యూటీలు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు కూర్చున్నా. పొడుగైతే కోసి అయినా సరే వేయండి.

2025 సెప్టెంబర్‌లో అమెరికా కొత్త హెచ్‌-1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటించిన దగ్గర్నుంచి నాకు ఫోన్లు మరీ ఎక్కువయ్యాయి. అక్కడే ఉండి రెన్యువల్ చేయించుకునేవాళ్ళకి అది వర్తించదని తర్వాత చెప్పారనుకోండి, కానీ మన దగ్గర్నుంచి కొత్తగా వెళ్దామనుకున్న పిల్లల ఇళ్ళల్లో మాత్రం భయం పట్టుకుంది. అంతకు ముందు కూడా అదేమీ సులువు కాదు కదా, ఏడాదికి 65 వేల వీసాలే, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20 వేలు, లాటరీలో పేరు తగలాలి, తగిలి వెళ్ళినా గ్రీన్ కార్డు దగ్గర ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వకూడదని రూలు ఉంది కాబట్టి మనవాళ్ళు ఏళ్ళకేళ్ళు క్యూలోనే ఉంటారు. దాంతో ఇప్పుడు అందరి చూపూ జర్మనీ, యూకే, కెనడా, ఆస్ట్రేలియాల మీద పడింది. మంచిదే. కానీ ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఒకటే, "అమ్మాయ్, మీ జర్మనీకి ఎంతవుద్ది?" అని. మావాడు ఏం చదివాడు, ఏం పని వచ్చు, ఏ భాష నేర్చుకోవాలి అని మొదట అడిగినవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు. వీసా అంటే డబ్బులు పడేస్తే దొరికే వస్తువు అని మనోళ్ళ మనసులో పాతుకుపోయింది, ఏజెంట్లు బతికేది దాని మీదే, వాళ్ళకి ఆ నమ్మకాన్ని రోజూ అచ్చేసి ఇస్తున్నది మన పేపర్లు. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే నేను అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది మా తాత మంచం మీద పరిచిన పేపర్లోనే.

మా పెద్దమ్మ కొడుకు సంగతి చెప్తా, నాకు తమ్ముడి వరస. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో సీఎన్‌సీ మెషిన్ మీద ఐదేళ్ళు పని చేశాడు. వాడు డ్రాయింగ్ చూసి మెషిన్ మీద ముక్క సెట్ చేస్తే ఓనరు మళ్ళీ కొలిచి చూసుకునేవాడు కాదంట, అంత నమ్మకమైన పని. 2023లో ఒక ఏజెంటు దొరికాడు, యూకే కేర్ వర్కర్ వీసా, స్పాన్సర్‌షిప్ రెడీగా ఉంది, పద్నాలుగు లక్షలు అన్నాడు. పెద్దమ్మ వాళ్ళు ముప్ఫై గుంటల భూమి అమ్మారు, చాలకపోతే మిగతాది రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. వీడు ముసలివాళ్ళకి సేవ చేసే పని జన్మలో ఎప్పుడూ చేయలేదు, చేస్తానని అనుకోనూ లేదు. తీరా అక్కడికి పోతే వారానికి ఎనిమిది గంటలో పది గంటలో పని ఇచ్చారు, అదీ కొన్ని వారాలే. తర్వాత అక్కడి ప్రభుత్వం బయటి దేశాలవాళ్ళని పనిలో పెట్టుకోవడానికి ఆ కంపెనీకి ఇచ్చిన లైసెన్సే రద్దు చేసింది. వీడికి ఉత్తరం వచ్చింది, 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదంటే దేశం విడిచి పోవాలి అని. ఆ 60 రోజులు వాడు ఎట్లా గడిపాడో ఇప్పటికీ సరిగా చెప్పడు. ఒక గదిలో ఏడుగురు ఉండేవాళ్ళని మాత్రం చెప్పాడు.

ఇందులో ఏజెంటు చెప్పనిది ఏంటంటే, ఆ స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌కి అప్పట్లో కంపెనీ ప్రభుత్వానికి కట్టే ఫీజు మూడు వందల పౌండ్లు కూడా లేదు. అది ఉద్యోగం ఇచ్చేవాడు కట్టుకోవాల్సింది, ఉద్యోగానికి వచ్చేవాడికి అమ్ముకునేది కాదు. లైసెన్స్ ఉన్న కంపెనీల లిస్టు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉంటుంది, ఎవరైనా ఫోన్లో చూసుకోవచ్చు. కేర్ వర్కర్లు భార్యాపిల్లల్ని తెచ్చుకోకూడదని 2024 మార్చి 11 నుంచి ఆపేశారు, 2025 జూలై 22 నుంచి అయితే బయటి దేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లని తీసుకోవడమే బంద్ చేశారు, అదే రోజు మామూలు స్కిల్డ్ వర్కర్ వీసాకి కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లకి పెంచారు. అయినా మా మేనత్త వాళ్ళ ఊళ్ళో ఒకతను 2025 దసరాకి కూడా 'యూకే కేర్ వీసా' అని చెప్పి అడ్వాన్సులు తీసుకున్నాడు. ఈ రెండు తేదీలు తెలుగులో ఒక్క డబ్బాలో వేసి ఉంటే ఆ అడ్వాన్సులు ఇచ్చేవాళ్ళా?

నా బాధ ఏంటంటే మా తమ్ముడి చేతిలో అసలైన పని ఉంది. ఆ పనికి ఇక్కడ ప్రకటనలు నేను బస్‌స్టాపుల్లో చూస్తుంటా. జర్మనీ 2024 జూన్ 1 నుంచి ఛాన్సెన్‌కార్టె అని ఒక కార్డు ఇస్తోంది, ఆపర్చునిటీ కార్డ్ అంటున్నారు మనవాళ్ళు. ఉద్యోగం చేతిలో లేకపోయినా వచ్చి ఏడాది పాటు వెతుక్కోవచ్చు, వారానికి 20 గంటలు పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు, ఏదైనా కంపెనీలో రెండు వారాల దాకా ట్రయల్‌గా పని చేసి చూపించవచ్చు. దానికి 6 పాయింట్లు కావాలి. మా తమ్ముణ్ణే లెక్క వేద్దాం. వయసు 30, 35 లోపు వాళ్ళకి 2 పాయింట్లు. చదివిన లైన్లోనే గత ఏడేళ్ళలో ఐదేళ్ళ అనుభవం ఉంటే 3, వీడు తిరిగొచ్చాక మళ్ళీ బాలానగర్‌లోనే చేస్తున్నాడు కాబట్టి అది వచ్చేస్తుంది. జర్మన్ భాష ఏ2 లెవెల్ పాసైతే 1 (భాష పరీక్షల్లో ఏ1 అన్నిటికన్నా కింది మెట్టు, దాని పైన వరుసగా ఏ2, బీ1, బీ2, సీ1). ఆరు అయిపోయాయి. ఏ2 బదులు బీ1 పాసైతే 2, బీ2 అయితే 3 ఇస్తారు, ఇంగ్లీష్ సీ1 ఉంటే ఇంకో 1. పాయింట్ల సంగతి అటుంచి అసలు అప్లై చేయడానికి జర్మన్ కనీసం ఏ1 అయినా, ఇంగ్లీష్ బీ2 అయినా ఉండాలి, మన డిప్లొమా కనీసం రెండేళ్ళ కోర్సు అయ్యుండి దానికి మన ప్రభుత్వ గుర్తింపు ఉందని జర్మనీలోని విదేశీ చదువుల ఆఫీసు నుంచి కాగితం తెచ్చుకోవాలి. మన పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్ళది. ఇది నాకు 2023లో తెలిసి ఉంటే, నా దగ్గరికి వాడు వచ్చి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో. అప్పటికి ఈ కార్డు మొదలవలేదు నిజమే, కానీ చట్టం 2023లోనే పాసైంది, ఒక్క ఏడాది ఆగి ఆ ఏడాది జర్మన్ నేర్చుకుని ఉంటే భూమి మిగిలేది.

ఈ కార్డు దగ్గర కూడా ఏజెంట్లు ఒక మాయ చేస్తున్నారు, అది విప్పి చెప్పాలి. వచ్చాక ఏడాది తిండికి, అద్దెకి డబ్బుందని చూపించాలి, 2025 లెక్కలో నెలకి 1,091 యూరోలు, ఏడాదికి 13,092. మన డబ్బుల్లో పదమూడు లక్షల పైమాటే. దీన్ని బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాలి. ఏజెంట్లు దీన్ని 'వీసా ఖర్చు పదమూడు లక్షలు, అన్నీ మేమే చూసుకుంటాం' అని తమ చేతికే అడుగుతున్నారు. అది ఖర్చు కాదు, అది మన డబ్బు, మన పేరు మీద ఉంటుంది, ఇక్కడికొచ్చాక నెలనెలా మన అకౌంట్లోకే విడుదల అవుతుంది. వీసా ఫీజు 75 యూరోలు మాత్రమే. పార్ట్‌టైమ్ ఉద్యోగం ఒప్పందం ముందే ఉంటే దాని జీతం కూడా లెక్కలోకి తీసుకుంటారు. డబ్బు ఏజెంటు అకౌంట్లో వేయమంటే అక్కడే ఆగిపోవాలి. అప్పు తెచ్చి ఆ పదమూడు లక్షలు పెట్టేవాళ్ళకి ఒక మాట, ఏడాదిలో ఉద్యోగం దొరక్కపోతే ఆ డబ్బు ఇక్కడి అద్దెలకే అయిపోతుంది, తిరిగి వెళ్ళేసరికి వడ్డీ మాత్రం మిగులుతుంది. అందుకే నేను తమ్ముడికి చెప్పింది, ముందు ఏ2 కాదు బీ1 దాకా చదువు, అక్కడ్నుంచే కంపెనీలకి నేరుగా అప్లై చెయ్యి, ఆఫర్ వస్తే ఈ కార్డు అవసరమే లేదు అని. గత ఐదేళ్ళలో రెండేళ్ళ అనుభవం, మన ప్రభుత్వం గుర్తించిన డిప్లొమా, జీతం 2025 లెక్కలో ఏడాదికి 43,470 యూరోలు ఉంటే జర్మనీ గుర్తింపు కోసం ఆగకుండా నేరుగా వర్క్ వీసా ఇస్తారు. డాక్టర్లు, నర్సుల లాంటి లైసెన్స్ వృత్తులకి మాత్రం ఇది కుదరదు. 45 దాటినవాళ్ళకి జీతం, పెన్షన్ రూల్ వేరే ఉంది, వాళ్ళు అది చూసుకోవాలి.

డిగ్రీ ఉన్నవాళ్ళకి జర్మనీలో బ్లూ కార్డ్ అనే ఉద్యోగ పర్మిట్ ఉంది, అది మన సాఫ్ట్‌వేర్ పిల్లలకి కొంత తెలుసు కాబట్టి తొందరగా చెప్పేస్తా. 2025లో ఏడాది జీతం 48,300 యూరోలు ఉండాల్సి వచ్చేది, ఐటీ, ఇంజినీరింగ్, డాక్టర్లు లాంటి కొరత ఉన్న పనులకీ, చదువు అయిపోయి మూడేళ్ళు దాటని వాళ్ళకీ 43,760 సరిపోయేది, ఈ అంకె ప్రతి జనవరికీ మారుతుంది. డిగ్రీని జర్మనీ ఒప్పుకుంటుందా లేదా అన్నది అనబిన్ అనే వెబ్‌సైట్లో ఫ్రీగా చూసుకోవచ్చు, మన యూనివర్సిటీ పేరు పక్కన హెచ్ ప్లస్ అని ఉండాలి, మన డిగ్రీ కూడా లిస్టులో ఉండాలి. లిస్టులో లేకపోతే 208 యూరోలు కట్టి విడిగా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. ఆ వెబ్‌సైట్ పేజీ ప్రింటవుట్ తీసివ్వడానికి మా బావగారి స్నేహితుడి దగ్గర ఒక కన్సల్టెన్సీ ఇరవై ఐదు వేలు తీసుకుంది, 'ఎవాల్యుయేషన్ ఛార్జీ' అని. చాలామందికి తెలియంది ఇంకోటి, 2023 నవంబర్ నుంచి ఐటీ వాళ్ళకి డిగ్రీ లేకపోయినా గత ఏడేళ్ళలో మూడేళ్ళ గట్టి అనుభవం ఉంటే బ్లూ కార్డ్ ఇస్తున్నారు. బీటెక్‌లో బ్యాక్‌లాగ్స్ ఉండిపోయి సిగ్గుపడుతూ పని మాత్రం బ్రహ్మాండంగా చేసే పిల్లలు అమీర్‌పేట హాస్టళ్ళలో ఎంతమంది ఉంటారో మీకే తెలుసు. బ్లూ కార్డ్ మీద వచ్చినవాళ్ళ భార్యకి గానీ భర్తకి గానీ ముందే జర్మన్ పరీక్ష అక్కర్లేదు, వచ్చాక ఉద్యోగం చేసుకోవచ్చు, బీ1 జర్మన్ ఉంటే 21 నెలలకి, ఏ1 ఉంటే 27 నెలలకి పర్మనెంట్ రెసిడెన్స్‌కి అప్లై చేయొచ్చు.

ఇక నా సంగతి. నేను కూడా మోసపోయినదాన్నే, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నా. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక పెద్ద హాస్పిటల్లో ఐసీయూలో చేసేదాన్ని, జీతం పంతొమ్మిది వేలు. 2021లో ఒక ఏజెన్సీకి మూడున్నర లక్షలు కట్టాను, నాన్న పత్తి డబ్బులవి. వాళ్ళు ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తీసుకుని ఎనిమిది నెలలు బీరువాలో పెట్టుకున్నారు. జర్మన్ క్లాస్ అని రోజుకి గంట జూమ్‌లో పెట్టేవాళ్ళు, ఎనభై మందిమి ఉండేవాళ్ళం, చెప్పే అమ్మాయికే బీ1 లేదని తర్వాత తెలిసింది. సర్టిఫికెట్లు వెనక్కి తెచ్చుకోవడానికి నేనూ నాన్నా ఆ ఆఫీసు మెట్ల మీద రెండు రోజులు కూర్చున్నాం, నాన్న ఇంటి నుంచి తెచ్చిన చద్దన్నం అక్కడే తిన్నాం. డబ్బులు సగం కూడా రాలేదు. తర్వాత నేను హైదరాబాద్‌లోనే ఉండి సరైన చోట జర్మన్ నేర్చుకుని గోథే సంస్థ పెట్టే జర్మన్ పరీక్ష రాసి, ఇక్కడి హాస్పిటల్‌కి నేరుగా మెయిల్ పెట్టి వచ్చాను. టికెట్, కాగితాల అనువాదం, గుర్తింపు ఫీజు అన్నీ హాస్పిటలే పెట్టుకుంది. నర్సుల విషయంలో ఇక్కడి పద్ధతే అది, మనుషులు కావాల్సింది వాళ్ళకి కాబట్టి ఖర్చు వాళ్ళదే. ఆ పద్ధతి పాటించే రిక్రూటర్లకి జర్మనీ ప్రభుత్వం ఒక ముద్ర కూడా ఇస్తోంది. నర్సు దగ్గర డబ్బు అడిగాడంటే ఆ ఏజెంటుకి ఆ ముద్ర లేదన్నమాటే.

నర్సులకి వీసా ఒక్కటే సరిపోదు, అనెర్కెనుంగ్ కావాలి, అంటే మన చదువుని ఇక్కడి రాష్ట్ర ఆఫీసు గుర్తించాలి. మన ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఏ సబ్జెక్ట్ ఎన్ని గంటలు చదివాం, ఏ వార్డులో ఎన్ని గంటలు ప్రాక్టికల్ చేశాం అన్నీ చూసి, ఫలానావి తక్కువున్నాయి అని ఒక ఉత్తరం ఇస్తారు. ఆ లోటు పూడ్చడానికి ఇక్కడికొచ్చి కొన్ని నెలల కోర్సు చేయాలి, లేదా ఒక పరీక్ష పాసవ్వాలి. అప్పటిదాకా అసిస్టెంట్ కిందే లెక్క, జీతం తక్కువ. ఇది ఏజెంట్లు చెప్పరు, 'దిగిన రోజు నుంచే మూడు లక్షల జీతం' అంటారు. 2024 మార్చి నుంచి ఇంకో దారి కూడా వచ్చింది, ఏ2 జర్మన్, చేతిలో ఉద్యోగం ఒప్పందం ఉంటే ముందే వచ్చి ఇక్కడ పని చేస్తూ మూడేళ్ళ లోపు గుర్తింపు పని పూర్తి చేసుకోవచ్చు. వినడానికి బాగుంటుంది గానీ ఏ2తో వార్డులోకి దిగడం ఎట్లా ఉంటుందో నేను చెప్తా, నేను బీ2తో దిగాను.

వచ్చిన మూడో వారం. ఎనభై నాలుగేళ్ళ ఆవిడ, తుంటి ఆపరేషన్ అయ్యింది, పొద్దున్నే లేపి కుర్చీలో కూర్చోబెట్టడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆవిడ లేస్తూ "మీర్ ఇస్ట్ ష్వింద్‌లిష్" అంది. నేను పుస్తకంలో ఆ ముక్క చదివే ఉన్నాను, కానీ ఆవిడ పళ్ళు కప్పులో ఉన్నాయి, ఆ ఊరి యాసలో అంటే నాకు వేరేలా వినపడింది. సరే సరే అని తల ఊపి లేపేశాను. కళ్ళు తిరుగుతున్నాయి అంటోంది ఆవిడ. ఒక్క క్షణం ఆలస్యమైతే పడిపోయేదే, నా రెండు చేతులతో నడుం పట్టుకుని మంచం మీదికి వాల్చాను, నా గుండె కొట్టుకోవడం నాకే వినపడింది. ఆ రోజు సాయంత్రం గదికొచ్చి ఆ మాట నోట్‌బుక్‌లో ఇరవైసార్లు రాశాను. ఇక్కడ రోగి పక్కన చుట్టాలు ఉండరు, ఒళ్ళు తుడవడం, తినిపించడం, పళ్ళు తోమించడం అన్నీ నర్సు పనే, మన దగ్గర అవి అమ్మో అక్కో చూసుకుంటారు కాబట్టి మన పిల్లలకి మొదట మనసు చివుక్కుమంటుంది, 'ఐసీయూలో వెంటిలేటర్లు చూసినదాన్ని, ఇదా నా పని' అని. నాకూ అనిపించింది. ఇది వచ్చే ముందే తెలిసి రావాలి. జర్మన్‌ని పరీక్ష పాసవడానికి కాదు, ఆ ముసలావిడ మాట వినపడటానికి నేర్చుకోవాలి.

జీతం కూడా ఉన్నదున్నట్టు చెప్తా. 2025 జూలైలో ఇక్కడ ముసలివాళ్ళని చూసుకునే సంస్థల్లో గుర్తింపు ఉన్న నర్సుకి గంటకి కనీసం 20.50 యూరోలు ఇవ్వాలని రూలు వచ్చింది. నెలకి మూడువేల నాలుగు వందల చిల్లర అవుతుంది, పన్ను, పెన్షన్, ఆరోగ్య బీమా పోగా ఒంటరిగా ఉండేవాళ్ళ చేతికొచ్చేది రెండువేల రెండు వందల పైన. అద్దె అందులోంచే. ఇల్లు దొరకడం వీసా కంటే కష్టం కొన్ని ఊళ్ళల్లో. డిసెంబర్లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, అమ్మతో వీడియో కాల్ మాట్లాడాక ఫోన్ పెట్టాలంటే చెయ్యి రాదు. అయినా నేను వచ్చినందుకు బాధపడటం లేదు. చెల్లి పెళ్ళి చేశాం, నాన్న అప్పు తీరింది, ఇక్కడ నన్ను సిస్టర్ అని కాక పేరు పెట్టి గౌరవంగా పిలుస్తారు.

కాగితాల విషయంలో ఒక్కటి చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు, ఇది అచ్చంగా మన తెలుగోళ్ళ సమస్య. నా టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరం. పాస్‌పోర్టులో సర్‌నేమ్ కాలమ్ ఖాళీ, పేరంతా గివెన్ నేమ్‌లోనే పెట్టారు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్లో ఇంకో రకంగా, నాన్న పేరు కూడా చేరింది. ఇక్కడి ఆఫీసర్‌కి ఈ ముగ్గురూ ఒకరే అని నమ్మించడానికి నాలుగు నెలలు పట్టింది. అఫిడవిట్లు, వాటికి అనువాదాలు, మళ్ళీ ఉత్తరాలు. ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లలున్న తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, పాస్‌పోర్టుకి వెళ్ళేటప్పుడు సర్‌నేమ్ దగ్గర ఇంటిపేరు పూర్తిగా రాయించండి, టెన్త్ మెమోలో ఉన్న స్పెల్లింగే అన్నిట్లో ఉండేలా చూడండి. వీసాకి పది లక్షలు కట్టేకన్నా ఇది ఎక్కువ పనికొస్తుంది.

మా వార్డులో నాతో పాటు ముగ్గురు మలయాళీ అమ్మాయిలున్నారు. ముగ్గురిలో ఒక్కరూ ఏజెంటుకి రూపాయి కట్టలేదు. కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్ 2021 డిసెంబర్‌లో జర్మనీ ఉపాధి శాఖతో నర్సుల్ని పంపడానికి ట్రిపుల్ విన్ అనే ఒప్పందం చేసుకుంది, భాష నేర్పించి, ఇంటర్వ్యూ పెట్టించి, టికెట్ కూడా వాళ్ళే ఇచ్చి పంపారు. మనకీ సంస్థలు లేకపోలేదు. తెలంగాణలో టామ్‌కామ్ ఉంది, ఆంధ్రాలో ఓమ్‌క్యాప్ ఉంది, రెండూ ప్రభుత్వానివే, నర్సులకి జర్మన్ నేర్పించి పంపుతున్నారు కూడా. కానీ మా ఊళ్ళో పది మందిని అడగండి, ఏజెంటు ఫోన్ నంబర్ తొమ్మిది మంది దగ్గర ఉంటుంది, టామ్‌కామ్ పేరు విన్నవాళ్ళు ఒక్కరుంటే గొప్ప. 2024 అక్టోబర్‌లో జర్మనీ ఛాన్సలర్ షోల్జ్ ఢిల్లీ వచ్చినప్పుడు మన దేశం వాళ్ళకి ఇచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాలు ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకి పెంచుతామన్నారు. ఆ 90 వేలల్లో ఎన్ని మలయాళీలవి, ఎన్ని మనవి అవుతాయన్నది ఖమ్మంలో, కర్నూల్లో, శ్రీకాకుళంలో ఉన్న నర్సింగ్ కాలేజీల్లో, పాలిటెక్నిక్‌లలో, ఐటీఐలలో జర్మన్ చెప్తారా లేదా అన్న దాని మీద ఉంది. మూడేళ్ళ కోర్సులో రోజుకి ఒక గంట పెడితే చాలు, పిల్లలు బీ1 దాకా వస్తారు. మన పిల్లలకి భాషలు రావనేది అబద్ధం, హైదరాబాద్‌లో ఆటో తోలే అబ్బాయి కూడా మూడు భాషలు మాట్లాడతాడు.

ఇప్పుడు మిమ్మల్ని అడగాల్సింది అడుగుతున్నా. విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపేవాడికి 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ లైసెన్స్ ఉండాలి. ఆ లైసెన్స్ ఉన్నవాడు కూడా ఒక మనిషి దగ్గర సర్వీస్ ఛార్జీ కింద 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. 30 వేలు! పద్నాలుగు లక్షలు ఎక్కడ, 30 వేలు ఎక్కడ. ఎవరికి లైసెన్స్ ఉందో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొడితే వస్తుంది. మీ ప్రకటనల విభాగంలో ఎవరైనా రెండు నిమిషాలు ఆ పోర్టల్ చూస్తే సరిపోతుంది. విదేశీ ఉద్యోగం అని వచ్చే ప్రతి ప్రకటనకీ లైసెన్స్ నంబర్ అడగండి, ఆ నంబర్‌ని ఫోన్ నంబర్ ఎంత పెద్దగా వేస్తారో అంత పెద్దగా వేయండి, నంబర్ లేనివాడి ప్రకటన తీసుకోకండి. ఆదాయం తగ్గుతుందని నాకు తెలుసు. కానీ మా నాన్న ఆ ఏజెన్సీని నమ్మింది వాళ్ళ ఆఫీసు చూసి కాదండీ, పేపర్లో పడింది కదా అని.

రెండోది, వారానికి ఒకరోజు అర పేజీ ఇవ్వండి. ఒక వారం జర్మనీ పాయింట్లు, ఒక వారం ఆస్ట్రేలియా 189, 190, 491 వీసాలకి తేడా ఏంటో, ఒక వారం కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 2025 మార్చి నుంచి జాబ్ ఆఫర్‌కి పాయింట్లు తీసేశారన్న సంగతి. అక్కడ కూడా ఇదే జరిగింది చూడండి, ఆ పాయింట్ల కోసం దొంగ జాబ్ ఆఫర్లు లక్షలకి అమ్ముకునేవాళ్ళు, అందుకే తీసేశారు, ఆ సంగతి తెలియక ఇప్పటికీ కొంటున్నవాళ్ళు ఉన్నారు. ఫీజు ఎంత, డబ్బు ఎవరి అకౌంట్లో ఉంటుంది, అధికారిక వెబ్‌సైట్ ఏది, ఏ రూలు ఏ తేదీ నుంచి మారింది, ఇంతే రాయండి. ఇవన్నీ ఆ దేశాల వాళ్ళు ఇంగ్లీష్‌లో ఫ్రీగా పెట్టారు. ఆ ఇంగ్లీష్‌కీ మా పెద్దమ్మకీ మధ్య ఉన్న కాస్త దూరంలోనే ఏజెంటు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

తమ్ముడు ఇప్పుడు బాలానగర్ షిఫ్ట్ అయ్యాక సాయంత్రం జర్మన్ క్లాసుకి వెళ్తున్నాడు, ఏ1 పాసయ్యాడు, ఏ2 పరీక్ష త్వరలో ఉంది. రోజూ రాత్రి నాకు జర్మన్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాలని షరతు పెట్టాను, నిన్న ఆర్టికల్స్ రెండు తప్పు పోయాయి, మిగతాది బాగుంది. అప్పు ఇంకా ఆరు లక్షలు ఉంది.

మీరు ఆ అర పేజీ మొదలుపెట్టేట్టయితే నర్సుల భాగం నేను రాసిస్తాను, డబ్బులేమీ వద్దు. మెకానికల్, వెల్డింగ్ పనుల వాళ్ళ కోసం ఇక్కడ పని చేస్తున్న మన తెలుగువాళ్ళని అడిగి వాళ్ళతో రాయిస్తాను. నా నంబర్, మెయిల్ మీ ఆఫీసుకి విడిగా పంపాను, అవి మాత్రం అచ్చేయకండి. వచ్చే నెల మంగళ, బుధవారాలు నాకు డ్యూటీ లేదు, మన టైమ్ ప్రకారం మధ్యాహ్నం రెండు తర్వాత ఎప్పుడు చేసినా ఎత్తుతాను.

ఇట్లు,
ఖమ్మం జిల్లా ఆడపడుచు, నర్సు
డార్ట్‌మండ్ దగ్గర, జర్మనీ